పొట్లంలో మందు

మా నాన్నగారు రెండు పనులు చాలా బాగా చేసేవారు. ఒకటి, పొట్లం కట్టడం. రెండు, గొంతు పెంచకుండా నన్ను భయపెట్టడం. రెండోది పుట్టుకతో వచ్చిన విద్య. మొదటిదాని కోసం మాత్రం కొవ్వూరులో గోదావరి గట్టు పక్కన ఒక డాక్టరు గారి దగ్గర నలభై ఏళ్ళు కాంపౌండరుగా నిలబడ్డారు. డాక్టరు గారు చీటీ రాస్తే, ఈయన చిన్న త్రాసులో పొడి మందు తూచి, కత్తిరించి పెట్టుకున్న తెల్లకాగితంలో పోసి, మడత మీద మడత వేసి, చివర లోపలికి దోపి ఇచ్చేవారు. దారం ఉండేది కాదు, జిగురు ఉండేది కాదు. పడవలో ఒరుసుకున్నా, బస్సులో నలిగినా, ఇంటికి వెళ్ళి విప్పేదాకా ఆ పొట్లం ఊడేది కాదు. జనం డాక్టరు గారి చేతిని ఎంత నమ్మేవారో ఈయన మడతనీ అంతే నమ్మేవారు.

అలాంటి మనిషి చివరి రెండేళ్ళూ తానొక ఖాళీ పొట్లం కట్టానని నమ్ముతూ బతికారు. అది నిజం కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసీ ఊరుకున్నదాన్నీ నేనే.

రిటైరయ్యాక ఆయన వంతెన దాటి ఇవతలికి, కోరుకొండ దగ్గర మా తాతగారి పొలానికి వచ్చేశారు. అప్పటికి అమ్మ పోయి చాలాకాలమైంది. నేను అక్కడికి దగ్గర్లోనే హైస్కూల్లో లెక్కల టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి నా ముక్కు మీది కోపమే జవాబు చెప్పేసేది. అలా ఒకరి మాట ఒకరికి గిట్టని ఇద్దరం ఒక చిన్న డాబా ఇంట్లో చేరాం. పొలంతో పాటు తాతగారి ఒంటి గొట్టం తుపాకి కూడా ఆయనకి సంక్రమించింది. పంట కాపలాకని దానికి లైసెన్సు ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని దుప్పట్లో చుట్టి పోలీస్ స్టేషన్లో అప్పగించి రావాలి. అప్పగించి వచ్చిన రోజున ఆయన పిల్లని అత్తారింట్లో దింపి వచ్చినవాడిలా అన్నం సరిగ్గా తినేవారు కాదు.

కాలవ కింద వరి పండించుకునేవాళ్ళకి మా బాధ తెలియదు. మొగల్తూరు వైపు మా బంధువులు వచ్చినప్పుడు, "పందులకి తుపాకి ఎందుకండీ బాబూ, డబ్బా కొడితే పోవూ?" అని నవ్వేవారు. మా పొలం కొండ వాలులో ఉంది. మొక్కజొన్న కండె పాలు పోసుకునే వేళకి అడవిపందుల మంద దిగేది. తినేది గంపెడు, తొక్కేది అరెకరం. కర్రపెండలం వేస్తే దుంప కోసం చేను చేనంతా నాగలి పెట్టినట్టు తిరగేసి పోయేవి. నాన్నగారు ఫారెస్టు వాళ్ళ దగ్గర పర్మిషన్ కాగితం తెచ్చుకుని ఏడాదికి ఒకదాన్నో రెండింటినో కొట్టేవారు. కొట్టినదాన్ని వాళ్ళు చెప్పినట్టే పాతిపెట్టించేవారు. ఆ రోజు మాత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఎవరితోనూ అంటే నాతోనే.

మోకాళ్ళు అరిగిపోయాక మంద దగ్గరికి నడిచి వెళ్ళే ఓపిక పోయింది. మంచె మీద కూర్చుంటే పందులు దిగే గట్టు చాలా దూరం. షాపులో కొన్న తూటాకి అంత దూరం మీద గురి కుదిరేది కాదు. దగ్గరికి వెళ్ళలేని మనిషి దూరం మీద పడ్డాడు. పిచ్చి అక్కడ మొదలైంది.

దానికి సగం కారణం నా ఫోను. యూట్యూబులో అమెరికా వాళ్ళు ఏ కంపెనీ తయారుచెయ్యని తూటాలు సొంతంగా తయారుచేసుకుని, ఈ కొండ మీద పడుకుని ఆ కొండ మీది దుప్పిని కొట్టే వీడియోలు ఆయనకి దొరికాయి. ఆ ఇంగ్లీషు ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ వీడియోలో త్రాసు కనిపించగానే ముఖం వెలిగిపోయేది.

"చూడమ్మాయ్, వాడూ తూస్తున్నాడు! ఊపిరి బిగబట్టి మరీ తూస్తున్నాడు!"

"వాళ్ళవి పెద్ద పెద్ద రైఫిళ్ళండి. మనది తాతగారి గొట్టం."

"గొట్టం ఏదైతేనేంటి? కంపెనీ తూటా అంటే మాత్ర లాంటిది. ఊరందరికీ ఒకటే. చేత్తో నింపుకున్నది మిక్స్చరు. ఈ రోగికి, ఈ వయసుకి, ఈ జ్వరానికి అని కలుపుతాం."

ఇక్కడ రోగి ఎవరని నేను అడగలేదు. అడిగితే పంది అనే చెప్పేవారు.

అలా మా ఇంట్లో తూటాలు నింపడం మొదలైంది. తాతగారి నాటి ఇత్తడి తొడుగులు ఓ డజను ఉన్నాయి, పేల్చాక మళ్ళీ నింపుకునే రకం. వాటి అడుగున నిప్పు పుట్టించే కొత్త క్యాపు బిగించి, మందు పోసి, దళసరి అట్టబిళ్ళ దిగ్గొట్టి, పైన సీసం గుండు కూర్చాలి. ఎంత మందుకి ఎంత దూరం పోయిందో, ఆ రోజు గాలిలో చెమ్మ ఎంత ఉందో, గుండు ఎడమకి లాగిందో కుడికి లాగిందో డాక్టరు గారి పాత చీటీల పుస్తకంలో వెనక్కి తిప్పి రాసుకునేవారు. దానికి పేరు కూడా పెట్టారు, దూరపు తూటా అని. అప్పటికే చేతులు కొద్దిగా వణికేవి. మణికట్టు బల్లకి ఆనించుకుంటే తూచగలిగేవారు, మడత పెట్టగలిగేవారు. ఇత్తడి తొడుగు సన్నటి నోట్లోకి పొయ్యడం మాత్రం వల్లయ్యేది కాదు, ఒలికిపోయేది. అందుకని ఆ పని నాకు అప్పగించారు.

ఆయన పద్ధతి ఆసుపత్రి పద్ధతే. ముందు ఒక్కో తూటాకి సరిపడా మందు తూచి ఒక్కో పొట్లం కట్టేస్తారు. ఎనిమిది తూటాలకి ఎనిమిది పొట్లాలు. నేను పొట్లం విప్పి తొడుగులో పోసి, ఖాళీ కాగితం పక్కన పెట్టాలి. ఆయన తలెత్తకుండా, "మందు?" అని అడుగుతారు. నేను తొడుగులోకి చూసి, "పడింది" అనాలి. అప్పుడే ఆయన అట్టబిళ్ళ అందుకుంటారు. "వేశాను" అంటే ఒప్పుకునేవారు కాదు. "నువ్వు వెయ్యడం వేరు, అది పడడం వేరు. పడిందో లేదో చెప్పు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. రోజుకి ఆరు క్లాసుల్లో పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేదాన్ని, ఇంటికొచ్చి నేను అప్పజెప్పడం ఏంటి?

కానీ మా భాషలో మందు అంటే ఎన్ని మందులు! జ్వరానికి వేసుకునేది మందే, చేలో కొట్టేది మందే, చీకటి పడ్డాక సీసాలోంచి పోసుకునేది మందే, తూటాలో కూరేదీ మందే. ఒకే మాట ఇన్ని ఇళ్ళకి కాపురానికి వెళ్ళింది. అందుకే ఆయన "మందు?", "పడింది" అనే రెండు మాటల కట్టు పెట్టుకున్నారని నాకు తర్వాత అర్థమైంది.

అది చలికాలం, ఒక ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక బల్ల మీద దినపత్రిక పరిచి కూర్చున్నాం. నా పక్కన తొమ్మిదో తరగతి పిల్లల జవాబు పత్రాల కట్ట ఉంది. మర్నాటికి మార్కులు ఇవ్వాలి. సగం కూడా దిద్దలేదు. పైగా ఆ జవాబులు దిద్దుతుంటే మనిషన్నవాడికి కోపం రాకుండా ఉండదు. ఆ కోపంతోనే పొట్లాలు విప్పుతున్నాను. నాలుగైదు తూటాలు అయ్యాయి. తర్వాతి పొట్లం చేతిలో ఉండగా ఫోను మోగింది. పొలం పనులు చూసే ఆయన. పొట్లాన్ని జవాబు పత్రాల మీద పెట్టి, అటు తిరిగి ఫోను ఎత్తాను.

"ఆయ్, అమ్మగారండి, కిందమడి మొక్కజొన్నకి మందు పడిందాండి, ఇంకా కొట్టాలాండి?"

"పడింది," అన్నాను. "పైమడికి కొట్టండి."

సరిగ్గా అదే సమయంలో నా వెనక నాన్నగారు "మందు?" అని అడిగి ఉండాలి. అడిగారు కూడా. నా చెవికి ఆ మాట తగిలింది, బుర్రకి తగల్లేదు. నేను ఫోను పెట్టి ఇటు తిరిగేసరికి ఆయన ఆ తొడుగులో అట్టబిళ్ళ దించి, గుండు కూర్చి, వరసలో నిలబెట్టేశారు. నేను ఇంకో పొట్లం అందుకుని తర్వాతి తొడుగులో పోశాను. "మందు?" "పడింది." పని సాగిపోయింది.

అంతవరకూ అది పొరపాటు. అంతటితో ఆగి ఉంటే ఎవరైనా క్షమిస్తారు, నేనూ క్షమించుకునేదాన్ని.

అంతా అయ్యాక కాగితాలు ఏరుతుంటే జవాబు పత్రాల మీద నిండు పొట్లం ఒకటి కనిపించింది. ఎదురుగా ఎనిమిది తూటాలు. చేతిలో ఏడు ఖాళీ కాగితాలు. లెక్కల టీచరు చెయ్యాల్సిన తీసివేత పెద్దగా ఏమీ లేదు. ఫోను గుర్తొచ్చింది, నేనన్న మాట గుర్తొచ్చింది. కానీ ఏ తూటాయో తెలియదు. చెబితే ఆయన ఎనిమిదింటినీ విప్పుతారు. మళ్ళీ తూస్తారు, మళ్ళీ కడతారు, మళ్ళీ "మందు?" అంటారు. గొంతు పెంచకుండా, "ఫోను ముఖ్యమా అమ్మాయ్?" అంటారు. ఆ ఒక్క మాట పడడం నాకు ఇష్టం లేకపోయింది. ఒకటి ఎక్కువ కట్టారేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన ఎక్కువ కట్టరని నాకు తెలుసు.

"పొట్లాలు అయిపోయాయా అమ్మాయ్?"

"అయిపోయాయండి," అన్నాను. పొట్లాన్ని నా జామెట్రీ బాక్సులో పడేసి మూత వేశాను.

రెండు రోజుల తర్వాత మంద దిగింది. తెల్లవారుజామున కొండకి తిరిగి వెళ్ళే వేళకి కొట్టాలని ఆయన లెక్క. మంచె ఎక్కించడానికి నేను తోడు వెళ్ళాలి. ఆయన్ని పైకి ఎక్కించి, తుపాకి అందించి, ఫ్లాస్కు పట్టుకుని కింద గట్టు మీద కూర్చున్నాను. మంచు బాగా పడుతోంది. తూర్పున తెలుపు వస్తుంటే దూరపు గట్టు మీద నల్లగా మూడు నాలుగు ఆకారాలు కదిలాయి. పైనుంచి తుపాకి మోత వస్తుందని చెవులు మూసుకున్నాను. మోత రాలేదు. "టప్" మని చిన్న చప్పుడు వచ్చింది, మూకుడు మీద ఆవగింజ చిటపటలాడినట్టు.

నాకు వెంటనే తెలిసిపోయింది. క్యాపు పేలింది, లోపల మందు లేదు. గుండుని గొట్టంలో సగం దాకా తోసి ఆగిపోయింది. గొట్టంలోంచి వెలుతురు చూసుకోకుండా రెండో తూటా పెట్టకూడదని నాకు నేర్పింది ఆయనే. కానీ క్యాపు చెమ్మగిల్లి మందు అంటుకోలేదని, గుండు ఇంకా తొడుగులోనే ఉందని అనుకున్నారు ఆయన. మందు లేకపోవచ్చన్న అనుమానమే ఆయనకి రాలేదు. ఎందుకొస్తుంది? పడిందని నేను చెప్పాను కదా. పైన తుపాకి తెరిచిన చప్పుడు, తొడుగు లాగి జేబులో వేసుకున్న చప్పుడు వినిపించాయి. "ఆగండి" అని అరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నోరు తెరిచాను కూడా. ఆగమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. ఆ ఒక్క క్షణం నేను ఆలోచించాను. నా జన్మలో నేను సిగ్గుపడవలసిన క్షణం అదే. ఆ లోపల ఆయన తూటా పెట్టడం, మూయడం, నొక్కడం అయిపోయాయి.

గొట్టం చీలిపోయింది. ఎడమ చేతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తప్ప మిగతావి పోయాయి.

రాజమండ్రి ఆసుపత్రిలో మత్తు దిగాక ఆయన మొట్టమొదట అడిగింది తన చొక్కా. రక్తం మరకల చొక్కా జేబులోంచి ఆ ఇత్తడి తొడుగు తీయించి, కుడి చేత్తో పట్టుకుని, కిటికీ వెలుతురులోకి ఎత్తి లోపలికి చూశారు. మందు కాలిన మసి లేదు. కడిగి తుడిచిన గిన్నెలా మెరుస్తోంది. చాలాసేపు అలాగే చూశారు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు అడుగుతారు, చెప్పేస్తాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"ఖాళీ పొట్లం కట్టానమ్మాయ్," అన్నారు.

నేను ఆ చొక్కా అందుకుని మడత పెట్టసాగాను.

"తూచకుండానే మడిచేసి ఉంటాను. నువ్వు విప్పి పోశావు, పడిందనుకున్నావు. నీదేముంది? నలభై ఏళ్ళ చెయ్యి, దాన్ని నమ్మాం ఇద్దరం."

నా మీద అనుమానం ఆయనకి లేశమాత్రం కూడా రాలేదు. సాయంత్రం ఎస్సై వచ్చారు. నాన్నగారు ఆయనకీ అదే చెప్పారు. వణికే చేత్తో తుపాకి పట్టడం తప్పేనని, లైసెన్సు తీసేసుకోమని, తూటాలు నింపడంలో ఇంట్లో ఇంకెవరికీ సంబంధం లేదని చెప్పారు. ఆ చివరి మాట నా గవర్నమెంటు ఉద్యోగం కోసమని నాకు తెలుసు. నేను ఎస్సై గారికి కుర్చీ జరిపాను, టీ తెప్పించాను. మర్యాదలన్నీ బాగానే చేశాను.

తుపాకి పోయింది, మిగిలిన తూటాలు పోయాయి. అవి పోతే పోయాయి. ఇంటికి వచ్చాక ఆయనకి తన చేతి మీదే నమ్మకం పోయింది. కుడి చెయ్యి బాగానే ఉంది, అయినా గడ్డం గీసుకోవడం మానేశారు. పాలు పొయ్యి మీంచి దించడం మానేశారు. తన బీపీ మాత్ర తనే వేసుకునే మనిషి, వేసుకున్నానో లేదో అని రోజుకి నాలుగుసార్లు నన్ను అడిగేవారు. ఊళ్ళోవాళ్ళు పలకరింపుకి వచ్చి, "వయసైపోయింది కదండీ కాంపౌండరు గారూ, పొరపాటు ఎవరికైనా వస్తుంది" అని ఓదార్చేవారు. ఆయన వాళ్ళకి దణ్ణం పెట్టేవారు.

తర్వాత పొట్లాలు మొదలుపెట్టారు. పాత దినపత్రికలు కత్తిరించి, చిటికెడు ఉప్పు పోసి, కుడి చేత్తోనూ ఎడమ చేతి రెండు వేళ్ళతోనూ మడిచేవారు. గంటసేపు అలా పదో పన్నెండో కట్టి నా ముందు పెట్టేవారు.

"ఏది ఖాళీయో చూడమ్మాయ్."

ఒక్కటీ ఖాళీగా ఉండేది కాదు. అన్నిట్లోనూ ఉప్పు, ఒకదానికొకటి అటూ ఇటూ కాకుండా. ఉన్నాయండి, అన్నీ ఉన్నాయి అనేదాన్ని. "ఇవాళ ఉన్నాయి," అనేవారు. "ఆ రోజు లేదు కదా." నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చేది. ఉప్పంతా పాడుచేస్తున్నారని కసురుకునేదాన్ని. కసురుకుని వంటింట్లోకి వెళ్ళి నిలబడేదాన్ని.

వేసవిలో ఒక రోజు ఉన్నట్టుండి కొవ్వూరు మాట ఎత్తారు. గోదావరి మీద చేపలు పట్టుకునే వాళ్ళ పిల్ల. ఐదారేళ్ళుంటాయి. తల్లి చేపల గంప గుమ్మం బయట దించి, పిల్లని చంకన వేసుకుని వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు గారు పొడి మందు రాశారు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఈయన మూడు పొట్లాలు కట్టి ఇచ్చారు. మూడో రోజు ఆ పిల్ల పోయింది. జ్వరం మెదడుకి ఎక్కిందన్నారు డాక్టరు గారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. తల్లి వచ్చి ఈయనకి దణ్ణం పెట్టి మరీ వెళ్ళిందట.

"ఇన్నేళ్ళూ ఆ పిల్ల గుర్తే రాలేదమ్మాయ్. ఇప్పుడు రోజూ వస్తోంది. ఆ మూడు పొట్లాల్లోనూ మందుందంటావా?"

ఆ మాటకి నాకు నిజంగా భయం వేసింది. నేను దాచింది ఒక ఆదివారం మధ్యాహ్నం పొరపాటు అనుకున్నాను. అది వెనక్కి పాకి ఆయన నలభై ఏళ్ళ ఉద్యోగాన్ని తినేస్తోంది. ఆ రోజే చెప్పేద్దామని ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నగారూ, ఆ రోజు మీ పొట్లం ఖాళీది కాదేమోనండి. నేనే పొయ్యలేదేమో."

ఆయన నన్ను చూసి నవ్వారు. ఆ ఏడాది నవ్విన నవ్వు అదొక్కటే.

"నువ్వు లెక్కల టీచరువి. నువ్వు లెక్క తప్పవు. నాకోసం అబద్ధాలాడకు తల్లీ."

నాన్చుడుగా చెబితే అంతే. ఏమో ఏమో అని నసిగాను కనుక నిజం కాస్తా ఓదార్పు మాటైపోయింది. జామెట్రీ బాక్సు పక్క గదిలోనే ఉంది. లేచి తెచ్చి బల్ల మీద పెడితే సరిపోయేది. తల్లీ అని పిలిచిన మనిషి ముఖం ఎలా మారుతుందో చూసే ధైర్యం చాలక లేవలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపు అనే మాట అలా ఏడాదిన్నర నడిచింది.

ప్రమాదం తర్వాత రెండో చలికాలంలో ఆయనకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. మళ్ళీ రాజమండ్రి, మళ్ళీ ఆసుపత్రి. ఆక్సిజన్ గొట్టం పెట్టారు. సగం తెలివి, సగం మగత. కొవ్వూరులో ఉన్నాననుకునేవారు. నర్సుని చూసి, "లైను పెద్దదిగా ఉందా?" అని అడిగేవారు. ఒక సాయంత్రం కళ్ళు తెరిచి నా వైపు సూటిగా చూసి, "మందు?" అన్నారు.

ఇక ఆగలేకపోయాను. ఆయన చెవి దగ్గరికి వంగి, "వెయ్యలేదు నాన్నగారూ," అన్నాను. "మందు నేను వెయ్యలేదు. మీ తప్పేం లేదు. నేనే వెయ్యలేదు."

పక్క మంచం దగ్గర సెలైను సర్దుతున్న నర్సు గబుక్కున ఇటు తిరిగింది. "అయ్యో, వేశామండీ! ఇంతకుముందే వేశాను కదా, మీరు బయటికి వెళ్ళారు. కంగారు పడకండి తాతగారూ, మీ మందు వేసేశాం."

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, నిశ్చింతగా తల ఊపి కళ్ళు మూసుకున్నారు. రెండేళ్ళకి నోరు విప్పితే, నా మాటని ఇంకో మందు మింగేసింది. వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు ఇంటికి వెళ్ళి జామెట్రీ బాక్సు తెరిచాను. కాగితం కాస్త పసుపు తిరిగింది. మడత ఊడలేదు. చేతిసంచిలో వేసుకుని బస్సెక్కాను. అలాంటిది ఆసుపత్రిలోకి తీసుకెళ్ళకూడదని తెలుసు. తెలిసీ చేసిన పనుల్లో అది చిన్నది.

మధ్యాహ్నం, పక్క మంచాల వాళ్ళు నిద్రపోతున్నారు. ఆయన మెలకువగానే ఉన్నారు. కుడి అరచెయ్యి విప్పి అందులో పొట్లం పెట్టాను. వేళ్ళు దాని చుట్టూ వాటంతటవే మూసుకున్నాయి. బొటనవేలితో మడత అంచు తడిమారు. తర్వాత కొవ్వూరులో త్రాసు ముందు నిలబడ్డప్పటిలాగే, చెయ్యి కొంచెం పైకి లేపి, కొంచెం దించి, తూకం చూశారు. వణుకు కనిపించలేదు. లేదా నాకు కనిపించలేదు.

"మందుంది," అన్నారు.

"ఉందండి. ఇది మీరు కట్టిందే. ఆ ఆదివారం కట్టింది. ఖాళీది కాదు. మీరు ఎప్పుడూ ఖాళీది కట్టలేదు. నేను ఫోను మాట్లాడుతూ ఇది తూటాలో పొయ్యడం మర్చిపోయాను. తర్వాత కనిపించింది. కనిపించినా మీతో చెప్పలేదు. అయిపోయాయని అబద్ధం చెప్పాను. మీ వేళ్ళు పోయింది నావల్ల."

ఒక్క మాట కూడా నసగకుండా చెప్పాను. ఆయన విన్నారు. రోగులు బాధ చెప్పుకుంటుంటే వినే ముఖంతో, మధ్యలో అడ్డు రాకుండా పూర్తిగా విన్నారు. తర్వాత పొట్లం వైపు చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"మరి ఇది ఇక్కడే ఉండిపోయిందేంటమ్మాయ్? ఎవరికి ఇవ్వలేదు?"

నేను మంచం మీదికి ఇంకా దగ్గరగా వంగాను.

"సాయంత్రం పొట్లం ఇది. ఆ పిల్లది. రెండే పట్టుకెళ్ళింది తల్లి. పాపం, గట్టు మీదే ఉంటుంది, పడవెక్కి ఉండదు. పరిగెత్తి ఇచ్చిరా."

ఖాళీ పొట్లం కట్టలేదని నిరూపించడానికి నేను తెచ్చిన సాక్ష్యం ఆయన చేతిలో ఇంకో నేరంగా మారిపోయింది. ఆయన పొట్లం నా చేతిలో పెట్టి, తొందరగా వెళ్ళమన్నట్టు ఎడమ చేతి రెండు వేళ్ళూ ఊపారు. చూస్తూ ఉన్నారు కనుక నేను లేచి నడిచాను. వార్డు దాటి, మెట్ల దాకా వెళ్ళి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. కింద ఎవరో మందుల చీటీ పట్టుకుని కౌంటరు ఎక్కడని అడుగుతున్నారు. కాసేపాగి వెనక్కి వచ్చాను. పరిగెత్తి వచ్చినట్టు కనిపించాలని కొంచెం రొప్పాను కూడా.

ఆయన కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

"మందు?" అన్నారు.

"పడింది," అన్నాను.